టీఎల్‌డీ బ్యాడ్జి లెక్క తప్పకుండా ఉండాలంటే: ఎక్స్‌రే, సీ-ఆర్మ్ సిబ్బంది డోసు కొలిచే పద్ధతి

రణస్థలం మండలం కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం వస్తుందన్న మాట ఏళ్ల తరబడి వింటున్నాం. అందుకే రేడియేషన్ అనగానే మన దగ్గర అందరి చూపూ అటే పోతుంది. ఇవాళ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రోజూ రేడియేషన్ పక్కన నిలబడి పనిచేసేవాళ్లు మాత్రం వేరే. ఎక్స్‌రే టెక్నీషియన్లు, సీటీ గదుల వాళ్లు, ఎముకల ఆపరేషన్లలో సీ-ఆర్మ్ (ఒంటి లోపలి భాగాన్ని అప్పటికప్పుడు స్క్రీన్ మీద చూపించే ఎక్స్‌రే యంత్రం) పక్కనుండే సర్జన్లు, నర్సులు, పైడిభీమవరం లాంటి ఫ్యాక్టరీల చోట రాత్రిపూట వెల్డింగు అతుకులకు ఫిల్ములు తీసే కాంట్రాక్టు కుర్రాళ్లు. వీళ్ల ఒంటికి మూడు నెలల్లో ఎంత తగిలిందో, అంటే డోసు ఎంతో, కాగితం మీద చూపించేది చాతీకి పెట్టుకునే ఆ చిన్న ప్లాస్టిక్ బ్యాడ్జే. దాన్నే థర్మోల్యూమినిసెంట్ డోసిమీటరు, పొట్టిగా టీఎల్‌డీ అంటారు.

ఆ బ్యాడ్జి చెప్పే అంకె తప్పిందంటే అందరూ ముందు ల్యాబును అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు మన గోడమీది మేకులో ఉంటుంది. ఎక్కడ తగిలించాం, ఎవరు పెట్టుకున్నారు, ఎవరూ పెట్టుకోకుండా సహజ రేడియేషన్ కొలవడానికి ఉంచే కంట్రోల్ బ్యాడ్జి ఏ సొరుగులో పడి ఉంది అన్న మూడు సంగతులు సరిగ్గా ఉంటే మిగతాది దాదాపు సర్దుకున్నట్టే.

లోపల ఏముందో ముందు చూడండి

బ్యాడ్జి రెండు భాగాలు. బయటిది క్లిప్పు ఉన్న ప్లాస్టిక్ హోల్డరు. లోపలిది కార్డు. కార్డంటే నికెల్ పూత పూసిన అల్యూమినియం పలక, 52.5 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు. దానికి మూడు గుండ్రటి తెల్ల బిళ్లలు బిగించి ఉంటాయి. ఒక్కో బిళ్ల 13.3 మిల్లీమీటర్ల వ్యాసం, 0.8 మిల్లీమీటరు మందం. క్యారమ్ బోర్డు కాయిన్‌లో సగం కూడా ఉండదు. డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ పొడిని టెఫ్లాన్‌లో పట్టించి ఈ బిళ్లలు చేస్తారు. రేడియేషన్ తగిలినప్పుడు ఆ శక్తిలో కొంత బిళ్లలో చిక్కుకుని ఉండిపోతుంది. ల్యాబులో వేడి నైట్రోజన్ వాయువుతో బిళ్లను కాస్తే ఆ శక్తి వెలుగుగా బయటికొస్తుంది. వెలుగు ఎంతో, డోసు అంత. ఒకసారి కాచి చదివాక ఆ లెక్క బిళ్లలోంచి పోతుంది. అందుకే మళ్లీ చదివించండి అని అడిగినా పెద్దగా ఫలితం ఉండదు.

ఒక బిళ్ల చాలుగదా, మూడెందుకు? ఈ పదార్థానికి ఒక గుణం ఉంది. ఎక్స్‌రే యంత్రం నుంచి వచ్చే తక్కువ శక్తి కిరణాలకు, కోబాల్ట్ లాంటి ఎక్కువ శక్తి కిరణాలతో పోలిస్తే, పది రెట్లకు పైగా ఎక్కువ వెలుగిస్తుంది. ఒక్క బిళ్లనే నమ్ముకుంటే రేడియోగ్రాఫర్‌కి తగలని డోసు తగిలినట్టు లెక్క వస్తుంది. అందుకని హోల్డరులో ఒక బిళ్ల ముందు రాగి, అల్యూమినియం రేకులు, ఇంకో బిళ్ల ముందు ప్లాస్టిక్ ముక్క, మూడోదాని ముందు ఖాళీ కిటికీ పెడతారు. మూడు బిళ్లల వెలుగుల నిష్పత్తి చూసి ఏ రకం కిరణమో తేల్చి, దానికి తగ్గట్టు డోసు కడతారు.

దీన్నిబట్టే ఒక కచ్చితమైన నియమం వస్తుంది. హోల్డరు లేకుండా కార్డు ఒక్కటే జేబులో వేసుకున్నా, కార్డును తిరగేసి దూర్చినా, ల్యాబు వేసే లెక్క మొదలే తప్పు. రాగి వెనక ఉండాల్సిన బిళ్ల కిటికీ ముందుకొస్తే నిష్పత్తి తారుమారవుతుంది.

ఎవరికి ఇవ్వాలి

యంత్రం నడిపేవాళ్లందరికీ ఇవ్వాలి. సీ-ఆర్మ్ నడుస్తుండగా బల్ల పక్కన తరచూ ఉండే సర్జను, అనస్థీషియా డాక్టరు, స్క్రబ్ నర్సు, థియేటరు అసిస్టెంటు కూడా ఇందులోకే వస్తారు. ఉద్దానం మూత్రపిండాల జబ్బు వల్ల పలాస, సోంపేట వైపు డయాలసిస్ రోగులు ఎక్కువ. డయాలసిస్ కోసం రక్తనాళంలోకి గొట్టం (క్యాథెటర్) పెట్టే పనికి సీ-ఆర్మ్ వాడే చోట్ల ఆ గదిలో నిలబడే జట్టు మొత్తాన్ని లెక్కలోకి తీసుకోండి. రేడియాలజీ విభాగం జాబితాలో పేరు లేదు కదా అని వాళ్లను వదిలేయడం ఎక్కువచోట్ల కనిపించే లోపం. నిజానికి తలుపు వెనక నిలబడి బటన్ నొక్కే టెక్నీషియన్ కన్నా రోగి పక్కన నిలబడేవాళ్లకే ఎక్కువ తగులుతుంది.

రోగితో పాటు వచ్చిన బంధువులకీ, గదిని తుడిచిపోయే ఆయాకీ బ్యాడ్జి అక్కర్లేదు. యంత్రం నడిచేటప్పుడు వాళ్లు లోపల లేకుండా చూడటమే అక్కడ చేయాల్సింది. 18 ఏళ్లు నిండనివాళ్లను రేడియేషన్ పనివాళ్లుగా పెట్టుకోకూడదు.

దరఖాస్తు

సంస్థ ముందుగా అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, వారి ఈ-లోరా అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదై, యంత్రాలకు అనుమతి తీసుకుని, ఒక రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుకి, అంటే ఆర్‌ఎస్‌ఓకి, ఆమోదం పొంది ఉండాలి. ఆ తర్వాత బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) గుర్తింపు ఉన్న ప్రాంతీయ ల్యాబుకి బ్యాడ్జిల కోసం దరఖాస్తు పెట్టాలి. ఒక్కొక్కరికీ పేరు, పుట్టినతేదీ, చదువు, చేసే పని, ఏ రకం యంత్రం అన్నవి రాయాలి.

ఇక్కడ ఒక గడి మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. ‘ఇంతకుముందు ఎక్కడైనా బ్యాడ్జి వాడారా, వాడితే నంబరెంత’ అని అడుగుతారు. కొత్తగా చేరిన కుర్రాడు విశాఖలో రెండేళ్లు చేసి వచ్చి ఉంటాడు, నంబరు గుర్తులేక ‘లేదు’ అని రాసేస్తాడు. దాంతో అతని పేరుమీద రెండో నంబరు పుడుతుంది, పాత డోసూ కొత్త డోసూ కలవవు. మనిషికి ఉద్యోగాలు ఎన్ని మారినా వ్యక్తిగత నంబరు ఒక్కటే ఉండాలి. దేశంలోని రేడియేషన్ పనివాళ్ల డోసులన్నీ బార్క్‌లోని జాతీయ రిజిస్ట్రీలో ఆ నంబరు కిందే చేరతాయి. పాత సంస్థకి ఫోన్ చేసైనా నంబరు తెప్పించుకున్నాకే దరఖాస్తు పంపండి.

పొద్దున ఒక ఆసుపత్రిలో, సాయంత్రం ఇంకో స్కాన్ సెంటర్లో చేసేవాళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు. రెండు చోట్లా రెండు బ్యాడ్జిలుండాలి, రెండూ ఒకే వ్యక్తిగత నంబరు మీదుండాలి. ఒక చోట బ్యాడ్జి పెట్టుకుని ఇంకో చోటికి వెళ్తే ఎవరి యంత్రం వల్ల ఎంత వచ్చిందో తర్వాత తేల్చలేరు. ఏడాది పరిమితి మాత్రం మనిషికి వర్తిస్తుంది, రెండు చోట్ల అంకెలూ కలిపే చూడాలి.

ప్యాకెట్టు వచ్చిన రోజు

కార్డులు పేర్లున్న కాగితపు పొరలో, సన్నటి ప్లాస్టిక్ సంచిలో వస్తాయి. జాబితాతో పోల్చి పేరు, నంబరు, ఏ మూడు నెలలకో సరిచూసుకోండి. ‘కంట్రోల్’ అని రాసి ఉన్న కార్డు విడిగా ఉంటుంది, దాన్ని ముందే తీసి పక్కన పెట్టండి. ఎవరో సెలవులో ఉన్నవాళ్ల కార్డనుకుని దాన్నే చాతీకి పెట్టేసుకునే ప్రమాదం ఉంది.

హోల్డరు తెరిచి, పేరున్న ముఖం ముందుకు కనబడేలా, కార్డు మూలనున్న గాటు హోల్డరులోని గుర్తుకు సరిపోయేలా పెట్టి మూయండి. బలవంతంగా నొక్కాల్సి వస్తోందంటే తిరగబడిందన్నమాట. కాగితం పొర విప్పి బిళ్లలు ఎలా ఉంటాయో చూద్దామన్న సరదా వద్దు. చేతి చమట, నూనె మరక బిళ్లకు అంటితే కాచినప్పుడు ఆ మరక కూడా వెలుగిస్తుంది. ఎండలోని అతినీల కిరణాలు తగిలినా లెక్క చెడుతుంది.

కొత్త కార్డు పెట్టిన తేదీ రిజిస్టర్లో రాసి, ఆ మనిషి చేత సంతకం పెట్టించండి.

పెట్టుకునే తీరు

చాతీ ఎత్తులో, ముఖం ముందుకు ఉండాలి. సీసపు ఏప్రాన్ వేసుకుంటే బ్యాడ్జి దాని లోపల ఉండాలి, ఎందుకంటే ఒంటికి నిజంగా చేరిందెంతో కావాలి. 0.25 మిల్లీమీటరు సీసానికి సమానమైన ఏప్రాన్ కూడా చెదిరి వచ్చే ఎక్స్‌రేలో చాలా భాగాన్ని ఆపేస్తుంది. బ్యాడ్జి బయట పెడితే అంకె ఎన్నో రెట్లు పెరిగి, లేని డోసుకి విచారణ మొదలవుతుంది.

చీర కట్టుకునే నర్సులు క్లిప్పును పైటకు పెట్టుకుంటే అది జారి నడుము మీదకో వీపు మీదకో పోతుంది. కోటుకో స్క్రబ్ జేబు అంచుకో పెట్టుకోమనండి. జేబు లోపల మాత్రం వద్దు. అందులో పెన్ను, తాళంచెవులు, సెల్‌ఫోన్ ఉంటాయి. ముందున్న లోహం కిరణాన్ని ఆపితే ఖాళీ కిటికీ బిళ్ల ఖాళీగా ఉన్నట్టు కాదు.

సీ-ఆర్మ్ కింద చేతులు ఎక్కువగా పెట్టాల్సిన డాక్టర్లకు మణికట్టు బ్యాడ్జి అడగండి. కిరణం వచ్చే వైపు దాని ముఖం ఉండాలి, గ్లవ్ కింద పెట్టుకోవాలి. గంటల కొద్దీ సీ-ఆర్మ్ స్క్రీన్ చూస్తూ దాని పక్కనే పనిచేసేవాళ్లకు మెడ దగ్గర, ఏప్రాన్ బయట, రెండో బ్యాడ్జి పెట్టించే పద్ధతి కూడా ఉంది. కంటి కటకానికి ఏడాది పరిమితిని 150 మిల్లీసీవర్టుల (మిల్లీసీవర్టు అంటే డోసును కొలిచే ప్రమాణం) నుంచి 20కి దించమని రేడియేషన్ రక్షణ మీద సిఫార్సులు చేసే అంతర్జాతీయ సంఘం ఐసీఆర్‌పీ 2011లో సిఫార్సు చేసినప్పటినుంచి దీనికి ప్రాధాన్యం పెరిగింది. రెండు బ్యాడ్జిలున్నవాళ్ల హోల్డర్ల మీద ‘లోపల’, ‘మెడ’ అని స్కెచ్ పెన్నుతో పెద్దగా రాయండి. ఒక్కరోజు తారుమారైనా ఆ మూడు నెలల లెక్క రెండింటికీ పనికిరాకుండా పోతుంది.

తాము రోగిగా ఎక్స్‌రేకో సీటీకో వెళ్లినప్పుడు బ్యాడ్జి తీసేయాలి. వైద్యంలో భాగంగా తగిలింది ఉద్యోగపు లెక్కలోకి రాదు. థైరాయిడ్ స్కాన్ లాంటి పరీక్షలో రేడియోధార్మిక మందు తీసుకుంటే ఆ తర్వాత కొన్ని రోజులు ఒంట్లోంచే కిరణాలు వస్తాయి. ఆ సంగతి ఆర్‌ఎస్‌ఓకి ముందే చెప్పాలి, చెప్పకపోతే ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో తెలియక యంత్రాన్ని అనుమానిస్తారు.

గర్భం దాల్చిన సంగతి ఉద్యోగిని ఎంత బేగి చెబితే అంత మంచిది. చెప్పిన నాటినుంచి కాన్పు దాకా కడుపులోని బిడ్డకు 1 మిల్లీసీవర్టు దాటకూడదు. బ్యాడ్జిని ఏప్రాన్ లోపలే పొత్తికడుపు ఎత్తుకు దించి పెట్టుకోవాలి. ఆమెను మంచం దగ్గరికి తోసుకెళ్లే పోర్టబుల్ ఎక్స్‌రే, సీ-ఆర్మ్ పనుల నుంచి తప్పించి, అడ్డు వెనకనుంచి యంత్రం నడిపే కన్సోల్ వైపు వేయండి. ఉద్యోగం తీసేయాల్సిన పనేమీ లేదు. ఆ భయం ఉన్నచోటే ఆడవాళ్లు నాలుగైదు నెలల దాకా విషయం దాస్తారు.

రాత్రి ఎక్కడ పెట్టాలి

అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

డ్యూటీ అయ్యాక టెక్నీషియన్ ఏప్రాన్ విప్పి ఎక్స్‌రే గదిలోనే ఉన్న స్టాండుకు తగిలిస్తాడు. బ్యాడ్జి ఏప్రాన్‌కే ఉండిపోతుంది. తర్వాతి షిఫ్టు వాళ్లు తీసే ప్రతి ఎక్స్‌రే దానికి కాస్త కాస్త తగులుతుంది. ఆ స్టాండు దగ్గర ఒక్కో ఎక్స్‌రేకి 1 మైక్రోసీవర్టు చొప్పున పడుతోందనుకోండి. రోజుకు 60 ఎక్స్‌రేలు, మూడు నెలల్లో 75 పనిదినాలు అయితే 4,500 మైక్రోసీవర్టులు, అంటే 4.5 మిల్లీసీవర్టులు. పనివాళ్ల పరిమితి ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఆ లెక్కన మూడు నెలలకు వచ్చే వాటా 5. మనిషి ఇంట్లో పడుకుని ఉండగానే బ్యాడ్జి అతని పేరుమీద పరిమితి దగ్గరికి తీసుకుపోతుంది.

కాబట్టి బ్యాడ్జిలన్నీ ఒకే చోట, యంత్రం గదికి దూరంగా, దాని గోడను ఆనుకోని గదిలో ఉండాలి. ఆఫీసు గదో స్టాఫ్ గదో సరిపోతుంది. ఒక చెక్కపలకకు కొక్కేలు బిగించి, ఒక్కో కొక్కెం కింద పేరు రాసి పెడితే ఎవరి బ్యాడ్జి వెనక్కి రాలేదో ఒక్క చూపులో తెలుస్తుంది. పొద్దున వచ్చి బ్యాడ్జి తీసుకోవాలి, వెళ్లేటప్పుడు అక్కడే పెట్టాలి. ఇంటికి తీసుకెళ్లడం వద్దు. బండి డిక్కీలోనో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీదో బ్యాడ్జి గంటల తరబడి వేడెక్కితే మన వైశాఖపు ఎండలకు ప్లాస్టిక్కే వంగుతుంది, బిళ్లలో దాచిన లెక్కలో కొంత కారిపోనూ వచ్చు.

కంట్రోల్ బ్యాడ్జిని అదే పలక మీద, చివరి కొక్కేనికి తగిలించండి. దాన్ని ఎవరూ పెట్టుకోరు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, అందుకే చాలాసార్లు అది కన్సోల్ సొరుగులోనే ఉండిపోతుంది. నేల నుంచీ ఆకాశం నుంచీ అందరికీ తగిలే సహజ రేడియేషన్ ఎంతో చెప్పడం దాని పని. ల్యాబు అందరి అంకెల్లోంచీ ఆ మొత్తాన్ని తీసేస్తుంది. సహజంగా మూడు నెలలకు 0.25 మిల్లీసీవర్టు అనుకుందాం. యంత్రం పక్క సొరుగులో ఉన్న కంట్రోల్ 1.2 చూపించింది, పనివాడి బ్యాడ్జి 1.1 చూపించింది. తీసివేస్తే రిపోర్టులో సున్నా. నిజంగా అతనికి తగిలింది 0.85. తేడా మరీ ఎక్కువైతే ల్యాబువాళ్లు పట్టుకుని అడుగుతారు, చిన్న తేడాలు మాత్రం ఎవరి కంటా పడకుండా పోతాయి. స్టాండుకు వదిలేసిన బ్యాడ్జి లేని డోసు చూపిస్తే, సొరుగులో పడేసిన కంట్రోల్ ఉన్న డోసు దాచేస్తుంది. రెండోదే ప్రమాదం.

తీరప్రాంతం వాళ్లకు ఇంకో మాట. కళింగపట్నం, భావనపాడు తీరాల నల్ల ఇసుకలో మోనజైట్ ఉంటుంది, అందులో థోరియం ఉంటుంది. ఆ ఇసుక ఎక్కువగా పడి ఉన్న చోట సహజ రేడియేషన్ మామూలు కన్నా ఎక్కువ. బ్యాడ్జిలు ఒక చోట, కంట్రోల్ ఇంకో చోట ఉంటే ఈ తేడా లెక్కలోకి జొరబడుతుంది. రెండూ ఒకే పలక మీద ఉంటే ఎక్కువైనా తక్కువైనా ఒకదానికొకటి కొట్టుకుపోతుంది.

మార్చే వారం

మూడు నెలలు పూర్తవగానే కొత్త కార్డులు హోల్డర్లలో పెట్టి, పాత కార్డులన్నీ ఒక్కసారిగా వెనక్కి పంపాలి. హోల్డర్లు మీ దగ్గరే ఉంటాయి, కార్డులే వెళ్తాయి. కొత్త కార్డులు నెలాఖరుకు నాలుగు రోజుల ముందే చేతిలో ఉండేలా చూసుకోండి.

పాత కార్డులతో పాటు అదే విడత కంట్రోల్ కూడా వెళ్లాలి. పాత కంట్రోల్ ఉంచేసుకుని కొత్త కంట్రోల్ పంపేయడం తరచూ జరిగే పొరపాటు. దాంతో ల్యాబుకు తీసివేయడానికి సరైన అంకె ఉండదు. ఎన్ని కార్డులు పంపారో, ఎవరిది పోయిందో, ఎవరు సెలవులో ఉండి వాడలేదో రాసిన కాగితం లోపల పెట్టండి. గట్టి అట్టపెట్టెలో పెట్టి స్పీడ్ పోస్టులో పంపండి. ‘రేడియేషన్ కొలిచే కార్డులు, ఎక్స్‌రే స్కానరులో పెట్టవద్దు’ అని పైన రాయండి. ఒకవేళ దారిలో స్కానరులో పడినా, కంట్రోల్ కూడా అదే పెట్టెలో ఉంది కాబట్టి దానికీ అంతే తగులుతుంది, ఆ అదనం తీసివేతలో పోతుంది. కంట్రోల్‌ని కలిపి పంపమనడానికి ఇదో కారణం.

జనవరి–మార్చి వరసలో మీ కాలాలు నడుస్తుంటే అక్టోబరు మొదటివారం మార్పు మన జిల్లాల్లో ఎప్పుడూ చిక్కే. దసరా సెలవులు, విజయనగరంలో సిరిమాను సంబరం, పైగా తుపాన్లు. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. కరెంటు, రోడ్లు, పోస్టు అన్నీ ఒకేసారి ఆగిపోయే వారం అదే. వీలైతే అక్టోబరు 1నే, లేకపోతే 3లోపే, పాత పెట్టె పోస్టాఫీసు దాటించేయండి. తుపాను హెచ్చరిక వచ్చేసరికి కార్డులింకా మీ దగ్గరే ఉంటే రెండు పొరల పాలిథిన్ కవర్లో మూతిగట్టి, ఎత్తున ఉన్న బీరువాలో కంట్రోల్‌తో సహా పెట్టండి. బ్యాడ్జికి కరెంటుతో పనిలేదు, నీళ్లతోనే పేచీ.

రిపోర్టు వచ్చాక

అంకెలు మిల్లీసీవర్టుల్లో ఉంటాయి. మామూలు ఎక్స్‌రే, సీటీ గదుల్లో సరిగ్గా పనిచేసేవాళ్లకు సున్నాయో, ఒక మిల్లీసీవర్టులో చిన్న భాగమో వస్తుంది. మన దేశంలో పనివాళ్లకు పరిమితి వరసగా ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. చేతులకు, చర్మానికి ఏడాదికి 500. మామూలు జనానికి 1.

ఈ పరిమితుల దాకా ఆగి చూడటం తప్పు. జిల్లా స్థాయి ఆసుపత్రిలో ఒక్క విడతలో 1 మిల్లీసీవర్టు దాటిన పేరు కనిపిస్తే ఆర్‌ఎస్‌ఓ ఆ మనిషితో కూర్చుని మాట్లాడటం మంచిది. ఎవరి అంకె అయినా వాళ్ల పాత అంకెలకు మూడు నాలుగు రెట్లయినా అంతే.

సున్నాలను కూడా చదవాలి. ఏప్రాన్ లోపల పెట్టుకునే టెక్నీషియన్‌కి వరసగా సున్నాలొస్తే సంతోషమే. నెలకు పదుల కొద్దీ తుంటి, వెన్ను ఆపరేషన్లు సీ-ఆర్మ్‌తో చేసే డాక్టరుకి రెండేళ్లుగా మెడ బ్యాడ్జిలోనూ సున్నాలే వస్తుంటే ఆ బ్యాడ్జి కొక్కెం దిగడం లేదని అర్థం. ఒక బుధవారం ఆపరేషన్లు నడుస్తున్నప్పుడు పలక దగ్గరికి వెళ్లి చూడండి, ఎన్ని కొక్కేలు ఖాళీగా ఉన్నాయో.

రిపోర్టును ఫైలులో పెట్టేసి ఊరుకోకండి. ఒక్కొక్కరికీ వాళ్ల అంకె చూపించి సంతకం తీసుకోండి. తన అంకె తెలిసినవాడు బ్యాడ్జిని స్టాండుకి వదిలెయ్యడు.

అంకె ఎక్కువొస్తే

ఒక్క విడతలో 10 మిల్లీసీవర్టులు దాటితే సంస్థకు కబురొస్తుంది, విచారణ చేసి జవాబు పంపాలి. ఆ జవాబులో ‘పొరపాటున జరిగింది’ అన్న ఒక్క ముక్క రాస్తే సరిపోదు. వరసగా ఇవి కనుక్కోండి: ఆ మూడు నెలల్లో పని ఎంత, పోర్టబుల్ ఎన్ని, సీ-ఆర్మ్ ఎన్ని గంటలు, బ్యాడ్జి రాత్రిళ్లు ఎక్కడుంది, ఏప్రాన్ బయట పెట్టుకున్నారా, ఎవరికైనా ఎరువిచ్చారా, గదిలో ఎక్కడైనా పడిపోయి దొరికిందా, ఆ మనిషి ఏదైనా పరీక్ష చేయించుకున్నాడా, అదే గదిలో పనిచేసిన మిగతావాళ్ల అంకెలెలా ఉన్నాయి.

చివరి ప్రశ్నే ఎక్కువ పనికొస్తుంది. ఒకే షిఫ్టులో నలుగురికి సున్నాలుండి ఒక్కరికే 14 వస్తే బ్యాడ్జి ఎక్కడో ఒంటరిగా తగిలించబడి ఉండొచ్చు. నలుగురికీ కాస్త కాస్త పెరిగితే యంత్రాన్నే చూడాలి: కిరణం వెడల్పును కట్టడి చేసే కొలిమేటరు తెరిచి వదిలేస్తున్నారా, సీ-ఆర్మ్ ట్యూబు బల్ల పైకి తిప్పి వాడుతున్నారా, పాదంతో నొక్కే స్విచ్చు మీద కాలు తీయడం లేదా. ట్యూబు బల్ల కింద ఉంటే చెదిరిన కిరణాలు ఎక్కువగా కాళ్ల వైపు పోతాయి, పైన ఉంటే ముఖానికీ మెడకీ తగులుతాయి. రోగి నుంచి ఒక మీటరు దూరం నుంచి రెండు మీటర్ల దూరానికి జరిగితే తగిలేది దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది.

డోసు నిజంగా మనిషికే తగిలిందని, అదీ 100 మిల్లీసీవర్టుల దరిదాపుల్లో ఉందని అనుమానముంటే రక్తంలోని క్రోమోజోములు చూసే పరీక్ష ఉంది. అంతకన్నా తక్కువలో ఆ పరీక్ష ఏమీ తేల్చలేదు. కాబట్టి 12 వచ్చిందని కంగారుపడి మామూలు రక్తపరీక్షల చుట్టూ తిరగడం డబ్బు దండగ.

ఇరిడియం పనిలో బ్యాడ్జి ఒక్కటే చాలదు

పైపుల అతుకులకు ఇరిడియం-192 అనే రేడియోధార్మిక పదార్థంతో ఫిల్ము తీసేచోట టీఎల్‌డీ అలారం కొట్టదు, మూడు నెలల తర్వాత మాత్రమే సంగతి చెబుతుంది. అక్కడ ప్రతి మనిషికీ మోగే పాకెట్ డోసిమీటరు, జట్టుకొక సర్వే మీటరు (చుట్టుపక్కల రేడియేషన్ ఎంతుందో అప్పటికప్పుడు చూపే మీటరు) కూడా ఉండాలి. పని మొదలుపెట్టేముందు పాకెట్ డోసిమీటరు అంకె, పని అయ్యాక అంకె రెండూ రాసిపెట్టండి. మూడు నెలలకు టీఎల్‌డీ అంకె వచ్చినప్పుడు వాటి మొత్తంతో పోల్చండి. సోర్సు, అంటే ఆ ఇరిడియం ముక్క, వెనక్కి వచ్చేసిందని హ్యాండిల్ తిప్పిన లెక్కను నమ్మి దగ్గరికి పోవద్దు, ప్రతి ఎక్స్‌పోజరు తర్వాతా సర్వే మీటరు పట్టుకుని కెమెరా (సోర్సును దాచే పెట్టె) దాకా, గొట్టం చివరి దాకా చూడాలి.

ఇదే పాకెట్ డోసిమీటరును ఆసుపత్రి ఎక్స్‌రే దగ్గర నమ్ముకోవడం మంచిది కాదు. సెకనులో పదో వంతు కూడా లేని ఎక్స్‌రే మెరుపును కొన్ని ఎలక్ట్రానిక్ మీటర్లు తక్కువగా చూపిస్తాయి, ఒక్కోసారి పట్టుకోనే పట్టుకోవు. ఎక్స్‌రే గదికి టీఎల్‌డీయే.

పోయినా, ఉతికినా, మానేసినా

బ్యాడ్జి స్క్రబ్‌తో పాటు లాండ్రీలో పడి నురగలో మునిగితే ఆరబెట్టి మళ్లీ వాడకండి. నీళ్లూ సబ్బూ పొర లోపలికి వెళ్లి బిళ్లల మీద మరకలు పడి ఉంటాయి. కార్డును విడిగా కవర్లో పెట్టి, ఏమైందో రాసి ల్యాబుకి పంపండి. పోయినదైతే వెంటనే ల్యాబుకి రాతపూర్వకంగా తెలపాలి. ఆ కాలానికి అదే పని చేసిన తోటివాళ్ల అంకెలు, ఆ మనిషి పాత అంకెలు చూసి ఆర్‌ఎస్‌ఓ అంచనా రాయాలి. నెల తర్వాత బ్యాడ్జి గదిలో బల్ల కింద దొరికితే దాన్ని తుడిచి మళ్లీ పెట్టుకోకుండా, దొరికిన చోటు రాసి పంపేయండి.

ఉద్యోగి మానేసి వెళ్లేటప్పుడు బ్యాడ్జి తీసుకుని, చివరి కార్డు ఆ విడతతోనే పంపించండి. అతని వ్యక్తిగత నంబరు, మీ దగ్గర పనిచేసినన్నాళ్ల డోసుల పట్టిక సంతకంతో అతని చేతికివ్వండి. కొత్తచోట దరఖాస్తు నింపేటప్పుడు ఆ గడిలో ‘లేదు’ అని రాయాల్సిన అవసరం ఉండదు.